నీళ్ల లెక్క ట్యాంకు మీద రాయాలి

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో బావినీళ్ల మంచిచెడ్డలు తెలుసుకోవడానికి మనిషికి నాలుక తప్ప వేరే సాధనం లేదు. తియ్యగా వుంటే తాగే నీళ్లు, ఉప్పగా వుంటే వాడకం నీళ్లు అనుకునేవారు. ఇప్పుడా నిజాన్ని దేవుడికి వదిలిపెట్టవలసిన అవసరం లేదు. శుభ్రమైన సీసా, దానిమీద వొక చీటీ, ప్రయోగశాల దాకా మోసుకుపోయే మనిషి వుంటే నీళ్లలో ఏముందో కాగితం మీదకు వస్తుంది. అయినా శ్రీ సిటీ చుట్టుపక్కల గ్రామాల్లో "మీరు తాగే నీళ్లను ఎప్పుడు పరీక్ష చేశారు? ఏమి తేలింది?" అని అడిగితే, ఈ విలేఖరికి సూటిగా సమాధానం చెప్పినవారు బహు తక్కువ. "ఎవరో వచ్చి సీసాలో పట్టుకుపోయారు" అన్నవారున్నారు. ఆ సీసా తర్వాత ఏమయిందో చెప్పినవారు లేరు.

2008 ఆగస్టు 8న శ్రీ సిటీ ప్రారంభమయింది. అప్పటి చిత్తూరు జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో వున్న సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో దాదాపు 7,500 ఎకరాల మేర అది విస్తరించింది. ఒకప్పటి మానావారి చేల పక్కన ఇప్పుడు రైలు పెట్టెలు, ఏసీ యంత్రాలు, సెల్‌ఫోన్లు, చాక్లెట్లు తయారవుతున్నాయి. మన పిల్లలు యూనిఫారాలు తొడుక్కుని కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. ఇంటికి జీతం వస్తోంది. ఈ మేలును కాదనేవారు ఎవరూ లేరు, కాదనవలసిన పని కూడా లేదు. ఉద్యోగం మారింది, ఇల్లు మారింది, బండి మారింది. నీళ్లు మాత్రం ఇంకా ఆ పాత బోరు నుంచి, ఆ పాత ట్యాంకు నుంచే వస్తున్న ఊళ్లు వున్నాయి.

మరొక వింత కూడా చెప్పుకోవాలి. 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం చెన్నై నగరం దాహం తీర్చడానికి కండలేరు నుంచి తవ్విన తెలుగుగంగ కాలువ మన సత్యవేడు ప్రాంతం మీదుగా సాగి ఊత్తుకోట వద్ద తమిళనాడులో ప్రవేశిస్తుంది. 1996లో తొలిసారి ఆ నీళ్లు పూండి చేరాయి. నగరానికి పోయే ఆ నీటిని శుద్ధి చేసే కేంద్రాలున్నాయి, రోజూ పరీక్షించే ఉద్యోగులున్నారు. కాలువ గట్టున వున్న పల్లెలో బిందెకు పట్టుకునే నీళ్లకు అంత భాగ్యం లేదు. నగరవాసి ప్రాణమూ పల్లెవాసి ప్రాణమూ వొకటే అయినప్పుడు, వారి నీళ్లకు వున్న లెక్క మన నీళ్లకు ఎందుకు లేదని అడగడం తప్పు కాదు.

రెండు మాటలు, రెండూ ఉత్త మాటలే

ఏ ఊరి టీ అంగడి దగ్గర కూర్చున్నా నీళ్ల సంగతి వస్తే రెండు మాటలు వినబడతాయి. ఒకరు "ఫ్యాక్టరీలు వచ్చాకే నీళ్లు చెడిపోయాయి, కీళ్లనొప్పులన్నీ అందువల్లే" అంటారు. ఇంకొకరు "గట్టిగా అనవద్దబ్బా, ఉన్న ఉద్యోగాలు కాస్తా పోతాయి" అని నోరు మూయిస్తారు. మొదటివారి చేతిలో రుజువు లేదు. రెండోవారి చేతిలో ధైర్యం లేదు. ఇద్దరి చేతిలోనూ పరీక్ష కాగితం మాత్రం లేదు.

పరీక్ష ఎవరికీ శత్రువు కాదు. నీళ్లు బాగున్నాయని తేలితే పరిశ్రమ మీద పడే నింద పోతుంది, ఊరికి నిద్ర పడుతుంది. బాగా లేవని తేలితే ఏ లోపం వుందో, ఎంత వుందో తెలుస్తుంది, అప్పుడు మందు వేయవచ్చు. జ్వరం చూడకుండా మాత్ర వేయడం ఎంత తప్పో, నీళ్లు చూడకుండా నిందించడమూ, చూడకుండా అభయమివ్వడమూ అంతే తప్పు.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. పరీక్ష చేయిస్తే తప్పు మనదేనని తేలవచ్చు. బోరు పక్కనే పేడదిబ్బ వేసుకున్నది మనం. మరుగుదొడ్డి గుంతను బోరుకు నాలుగడుగుల దూరంలో తవ్వుకున్నది మనం. వాల్వు గుంటలో మురుగు నిలిచి, మోటారు ఆగినప్పుడల్లా ఆ మురుగు పైపు లీకులోంచి లోపలికి పోతుంటే చూస్తూ ఊరుకున్నది మనం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ చర్చకు వచ్చింది కలుషిత నీరే. ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించని ఊళ్లో కూడా నీళ్లు మనుషులను చంపగలవని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

నాలుక సాక్ష్యం చెల్లదు

మన ఆడవాళ్లు నీళ్లను పప్పుతో పరీక్షిస్తారు. పప్పు ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే, గిన్నె అడుగున తెల్లటి పొర కడితే అవి చెడ్డ నీళ్లంటారు. అది కాఠిన్యం, అంటే సున్నపు గుణం. వంటకు ఇబ్బందే గానీ అదే పెద్ద విషం కాదు. అసలు భయపడవలసినవాటికి రుచీ లేదు, వాసనా లేదు, రంగూ లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తియ్యగానే వుంటాయి. నైట్రేట్ వున్న నీళ్లు తేటగానే వుంటాయి. సీసం కలిసిన నీళ్లలో ముఖం కూడా చూసుకోవచ్చు. అందుకే నాలుక సాక్ష్యం చెల్లదు.

దేశంలో తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 అనే కొలతల పట్టీ ఇచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకుండా వుండడం మంచిది. వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కరిగిన లవణాలు 500 దాకా మేలు, గత్యంతరం లేకపోతే 2,000 దాకా. నైట్రేట్ 45 మించరాదు, దానికి సడలింపు లేదు. సీసం 0.01 మించరాదు, దానికీ లేదు. మలంలో వుండే ఇ.కోలి క్రిమి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనబడరాదు. ఈ అంకెలు ఇంజనీర్ల కోసం కాదు, మన కోసం రాసినవి. కిరాణా కొట్లో తూకం చూసుకునే మనం ఈ తూకం కూడా తెలుసుకోవాలి.

మన భూమి తీరు కూడా గుర్తుంచుకోవాలి. జిల్లాలో పడమటి భాగం రాతినేల. ఆ రాళ్లలోంచి ఫ్లోరైడ్ కరిగి బోరు నీటిలోకి రావచ్చు, నీళ్లు ఎంత లోతుకు పోతే ఆ అవకాశం అంత ఎక్కువ. తూర్పున తడ, పులికాట్ వైపు ఉప్పు సమస్య. నడుమ పొలాల్లో యూరియా, పురుగుమందులు. ఇప్పుడు కొత్తగా పరిశ్రమలు. కనుక పక్క ఊరి పరీక్ష మన ఊరికి పనికిరాదు, పాత బోరు కాగితం కొత్త బోరుకు పనికిరాదు.

చేతులు కాలినవారు చెప్పే పాఠాలు

ఇది కొత్త కష్టమేమీ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారిగా వివరించింది పొరుగున వున్న నెల్లూరు జిల్లా ఊళ్లను చూసే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఆ సంగతి ప్రచురించారు. అంతకు ముందు ఆ జనం ఎంతకాలంగా ఆ నీళ్లు తాగారో, నడుము వంగిపోవడం తమ తలరాతేనని ఎంతమంది అనుకున్నారో ఊహించుకోవచ్చు. ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్‌ను వదిలించే మందు ఈనాటికీ లేదు. తర్వాత నల్గొండ జిల్లా పడ్డ బాధ తెలుగువారందరికీ తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, దానికి నల్గొండ పేరే స్థిరపడింది. వ్యాధి వల్ల ఊరికి పేరు రావడం ఎవరూ కోరుకోరు.

హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1970ల నుంచి పరిశ్రమలు పెరిగాయి. ఉద్యోగాలు వచ్చాయి. వాటితోపాటు వ్యర్థజలాలు నక్కవాగులోకి, చెరువుల్లోకి, బావుల్లోకి చేరాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. రైతులకు నష్టపరిహారాలు వచ్చినా వాగు మునుపటి వాగు కాలేదు. శ్రీ సిటీ మరో పటాన్‌చెరు అయిందని మేము అనడం లేదు. కాకుండా చూసుకునే సమయం చేతిలో వుందని మాత్రమే అంటున్నాము.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో జనం వున్నట్టుండి మూర్ఛపోయి పడిపోసాగారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. నీరి, జాతీయ పోషకాహార సంస్థల నిపుణులు కూడా వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షించారు. చివరకు పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణమని నిపుణులు అభిప్రాయపడ్డారు. అవి ఏ దారిన ఒంట్లోకి చేరాయన్నది మాత్రం వారికీ తేలలేదు. పారిపోయిన నీటిని పట్టుకుని పరీక్షించలేము. నెలనెలా నమూనాలు, వాటి లెక్కలు దాచి వుంచితేనే ఏ రోజు ఏమి మారిందో చెప్పగలము. ఇల్లు తగలబడ్డాక బావి తవ్వినా ఫలం లేదనేది ఇందుకే.

ఇది మన దేశానికే పరిమితం కూడా కాదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊరు వుంది. అప్పట్లో జనాభా దాదాపు లక్ష. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడివారు నీటి వనరు మార్చారు. కొత్త నీరు పాత పైపులను తినివేసి సీసం కలిసింది. అధికారులు "నీళ్లు భేషుగ్గా వున్నాయి" అన్నారు. ఒక గృహిణి పట్టుబట్టి తన ఇంటి నీళ్లు పరీక్ష చేయించారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం దాదాపు 300 సీసాలు పంపితే ఊరివారే ఇంటింటా నీళ్లు పట్టి ఇచ్చారు. లెక్క బయటపడింది. ఆ అక్టోబరులోనే పాత నీటిని మళ్లీ తెచ్చుకున్నారు. కలవారి దేశంలో కూడా నిజాన్ని బయటికి తీసింది ఊరి ఆడవాళ్లు పట్టిన సీసాలే.

ఏర్పాట్లు వున్నాయి, ఉపయోగమే లేదు

మన దగ్గర ఏర్పాట్లు లేవని చెప్పడం అన్యాయం అవుతుంది. 2019 ఆగస్టు 15న మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని నియమం వుంది. పరీక్ష పెట్టెలు ఇస్తారు. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలున్నాయి, నామమాత్రపు రుసుముతో సామాన్యుడు కూడా అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. ప్రతి వనరునూ ఏడాదికి వొకసారి రసాయనాలకు, రెండుసార్లు క్రిములకు పరీక్షించాలి. క్రిముల పరీక్షకు వాడే నల్లరంగు సీసా కూడా మన దేశంలో పుట్టిందే. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మంజా, మౌర్య, రావులు దానిని వెలువరించారు. మందు వున్న సీసాలో నీళ్లు పోసి వెచ్చగా వుంచితే, మలక్రిములు వున్న పక్షంలో వొకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడతాయి. చదువు రాని అవ్వ కూడా చూసి చెప్పగలిగినంత తేలిక.

అయితే ఈ పెట్టెకు వొక హద్దు వుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, లవణాలు, కాఠిన్యం, క్లోరిన్ వంటివి అది చెబుతుంది. సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలను, పురుగుమందులను అది పట్టుకోలేదు. వాటికి పెద్ద ప్రయోగశాల, పెద్ద యంత్రం కావాలి. పరిశ్రమల పక్కన వున్న ఊళ్లకు పెట్టె పరీక్ష వొక్కటే చేసి "అంతా బాగుంది" అనడం, కంటివైద్యుడి దగ్గర గుండె పరీక్ష చేయించుకున్నట్లు వుంటుంది.

మన వైపు నుంచి జరిగే పొరపాటు కూడా వొకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద వొక ఊరివారు అడిగితే ఈ విలేఖరి స్వయంగా బోరు నీళ్లను పాత కూల్‌డ్రింకు సీసాలో పట్టి, మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలు సంచిలో వేసుకుని ప్రయోగశాలకు పోయాడు. అక్కడి ఉద్యోగిని సీసా మూత తీసి వాసన చూశారు. "ఎప్పుడు పట్టారన్నా? ఏ కొళాయి? బ్లీచింగు వేశారా?" అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ సమాధానం లేదు. సీసా తిరిగి చేతికి వచ్చింది. దారి పొడుగునా కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే ఆమె మాటే న్యాయమనిపించింది. తప్పుగా పట్టిన సీసా తప్పుడు సాక్ష్యం చెబుతుంది.

కనుక నీళ్లు పట్టే పద్ధతి అందరూ తెలుసుకోవాలి. క్రిముల పరీక్షకు ప్రయోగశాల ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి. కొళాయి మూతిని తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, ఆ తర్వాత పట్టాలి. సీసా లోపల, మూత లోపల వేలు తగలరాదు. ఐసు పెట్టెలో వుంచి 24 గంటల లోపు చేర్చాలి. రసాయనాల పరీక్షకు అదే నీటితో కడిగిన శుభ్రమైన క్యాను చాలు. పైపుల్లో సీసం వుందేమో చూడాలంటే మాత్రం, రాత్రంతా పైపులో నిలిచిన నీటిని తెల్లవారి మొదటి ధారలోనే పట్టాలి. చీటీ మీద ఊరు, వనరు, తేదీ, వేళ, బ్లీచింగు వేసిన రోజు రాయాలి.

కాచి తాగితే అన్నీ పోతాయన్న భ్రమ కూడా వదులుకోవాలి. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, లోహాలు పోవు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ మరింత చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువైన నీళ్లతో ఆరు నెలల లోపు బిడ్డకు పాలపొడి కలిపితే ఒళ్లు నీలంగా మారి ప్రాణం మీదకు రావచ్చు. ఏ నీటికి ఏ చికిత్సో పరీక్ష చెప్పాలి గానీ పుకారు చెప్పరాదు.

ఎవరి బిందె మునుగుతుంది?

డబ్బున్నవారు 20 లీటర్ల క్యాను వేయించుకుంటున్నారు. ఆ క్యాను నీళ్లకు కూడా పరీక్ష కాగితం అడిగేవారు లేరనుకోండి, అది వేరే సంగతి. క్యాను కొనలేనివారు ఎవరు? చెరువు గట్టున వున్న యానాది కుటుంబాలు, దళితవాడ కూలీలు, ఒరిస్సా బీహారుల నుంచి వచ్చి రేకుల గదుల్లో పదిమంది కలిసి వుంటున్న కార్మికులు. బడి పిల్లలు, అంగన్‌వాడీ బిడ్డలు కూడా ఏ కొళాయి చూపిస్తే ఆ కొళాయి తాగుతారు. నీళ్లు చెడితే మొదట దెబ్బ తగిలేది వీరికి. వీరి తరఫున అడిగే నోరు ఊళ్లో వుండాలి.

అడిగే హక్కు చట్టం ఇచ్చింది. కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హిమాయత్‌సాగర్ జలాశయం దగ్గర పరిశ్రమ విషయంలో 1999లో ఇచ్చిన తీర్పులో, ముప్పు లేదని నిరూపించుకోవలసిన భారం పరిశ్రమ పెట్టేవారిదేనని అదే న్యాయస్థానం అన్నది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి వుంది. "మా ఊరి నీటి పరీక్ష ఫలితాల నకలు ఇవ్వండి" అని తెల్లకాగితం మీద రాసి ఇస్తే 30 రోజుల్లో సమాధానం రావాలి. గ్రామస్థాయి కార్యాలయంలో దీనికి రుసుము కూడా లేదు.

కాబట్టి మేము కోరేవి పెద్ద కోరికలు కావు. శ్రీ సిటీ చుట్టుపట్ల ప్రతి తాగునీటి బోరును, ట్యాంకును, బడి కొళాయిని మన వానల లెక్క ప్రకారం, అంటే ఆశ్వయుజ కార్తీకాల వానలకు ముందు వొకసారి, వెలిసిన తర్వాత వొకసారి పరీక్షించాలి. పరిశ్రమలకు దగ్గరి ఊళ్లలో ఏడాదికి వొకసారి అయినా లోహాలు, పురుగుమందుల పరీక్ష పెద్ద ప్రయోగశాలలో చేయించాలి. దాని ఖర్చు పంచాయతీ నెత్తిన రుద్దరాదు. కాలుష్య నియంత్రణ మండలి, పారిశ్రామికవాడ యాజమాన్యం కలిసి భరించడం న్యాయం. నమూనా పట్టేటప్పుడు ఊరి మహిళలు ఇద్దరు దగ్గర వుండి సంతకం చేయాలి. లోపం తేలిన బోరుకు ఎర్రరంగు వేసి, ఆ రోజు నుంచే వేరే నీళ్లు తోలించాలి, అంతేగాని "నిధులు వచ్చాక చూద్దాం" అనరాదు.

ఊరివారి వంతు కూడా వుంది. పేడదిబ్బను బోరు దగ్గరి నుంచి జరపాలి. వాల్వు గుంటను పూడ్చి దిమ్మె కట్టాలి. బ్లీచింగు పొడి మూటను మూత తెరిచి చెమ్మలో పారవేస్తే దాని సత్తువ పోతుందని ట్యాంకు తొట్టి చూసే మనిషికి చెప్పాలి. కొళాయి చివరి ఇంట్లో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి వుందో లేదో చూడమని అడగాలి. గ్రామసభలో రోడ్డు గురించి, పింఛను గురించి లేచి అడిగినట్లే నీళ్ల కాగితం గురించి కూడా లేచి అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫలితం అందరికీ కనబడడం. బీరువాలో వున్న కాగితం, అధికారి సెల్‌ఫోనులో వున్న అంకె ఊరి దాహానికి పనికిరాదు. రేషన్ అంగట్లో సరుకుల ధరలు పలకమీద రాస్తారు. బస్టాండులో బస్సుల వేళలు గోడమీద రాస్తారు. నీళ్ల ట్యాంకు స్తంభం మీద "పరీక్షించిన తేదీ, ఫ్లోరైడ్ ఇంత, నైట్రేట్ ఇంత, క్రిములు వున్నాయి లేదా లేవు, సీసం ఇంత" అని తెలుగులో నాలుగు వరుసలు రాయడానికి ఒక డబ్బా రంగు, ఒక కుంచె, ఒక పూట పని చాలు. అధికారులు ఆ పని ఈ వానలకు ముందే చేయించాలి. చేయించకపోతే, బిందె ఎత్తుకునే ముందు ఆ స్తంభం వైపు చూసి "లెక్క ఏదీ?" అని ప్రతి ఇల్లాలూ అడగాలి.